ముల్లుని రెండుసార్లు తట్టే మా బావ

మా బావ పోయాడు. పోయిన గురువారం పొద్దున్న టీ తాగి, గ్లాసు అరుగు మీద బోర్లించి, "కాసేపు నడుం వాలుస్తాను" అని మా అప్పతో చెప్పి లోపలికెళ్ళినవాడు మరి లేవలేదు. నేను అప్పుడు డ్యూటీలో ఉన్నాను. మా మేనల్లుడు కంపెనీ గేటు దగ్గరికొచ్చి నన్ను బయటికి పిలిపించి, "మామా, బాబూజీ నహీ రహే" అన్నాడు. వాడు టాటానగర్‌లో రైల్వే ఉద్యోగి. తెలుగు శుభ్రంగా వచ్చు. కానీ కోపం వచ్చినా ఏడుపొచ్చినా వాడికి హిందీలోనే వస్తుంది.

నాకు మాత్రం మొదట ఏడుపు రాలేదు. అనుమానం వచ్చింది. ఇలాంటి కబుర్లు ఈ ఊళ్ళో పుట్టించేవాడిని నేనే కదా, ఇన్నాళ్ళకి ఎవడో నా మందు నాకే పోస్తున్నాడనుకున్నాను. వాడి ముఖం చూశాక గానీ నమ్మలేదు.

అసలు బాధ ఆ తరవాత మొదలైంది. గోవింద్‌పూర్‌లో మన పేట తెలుగు ఇళ్ళన్నిటికీ ఈ వార్త చెప్పే పని నా నెత్తిన పడింది. మొదటి ఇంట్లో పిన్ని వరసావిడ బియ్యం చెరుగుతోంది. చెప్పాను. చేట ఆపకుండానే, "పొద్దున్నే నీకింకేటీ పని లేదేటిరా?" అంది. రెండో ఇంట్లో "మీ అప్ప మీద ఒట్టెయ్యి" అన్నారు. మూడో ఇంటాయన నవ్వేసి మళ్ళీ పేపరు తీసుకున్నాడు. నాలుగో ఇంటికి మేనల్లుణ్ణి వెంటబెట్టుకెళ్ళాను. వాడు ఒక్క ముక్క అన్నాడో లేదో, ఇంటిల్లిపాదీ చెప్పులేసుకుని బయటికొచ్చారు.

తప్పు వాళ్ళది కాదు. ఒకసారి బావ డ్యూటీ మీదెళ్ళి నాలుగు రోజులు ఆలస్యమైతే, ఆయన కాశీలో సన్నాసుల్లో కలిసిపోయాడని మా ఇళ్ళ లైనంతా చెప్పింది నేనే. ఆడాళ్ళందరూ మా అప్పని ఓదార్చడానికొచ్చారు. అప్ప వాళ్ళకి టీలిచ్చి పంపి, నన్ను చీపురు పట్టుకుని కుళాయి దాకా తరిమింది.

ఊరంతా నమ్మని నన్ను నమ్మడానికి ఒక పద్ధతి కనిపెట్టినవాడు మా బావ ఒక్కడే. దాని గురించే రాస్తున్నాను. మన తెలుగు సంఘం వాళ్ళు "బావ గురించి రెండు మాటలు రాసియ్యి" అన్నారు. ఏడో తరగతితో ఆపేసినవాడు కలం పడితే రెండు మాటలెంత పొడుగొస్తాయో వాళ్ళకి తెలీదు, పాపం.

మన ఊరి రోడ్డు మీద మీరందరూ చూసే ఉంటారు, క్యాబిన్ లేని కొత్త లారీలు. ముందు ఇంజిను, వెనక రెండు ఇనప దూలాలు, కింద చక్రాలు. స్టీరింగు, దాని ముందు డాష్‌బోర్డు. తలుపుల్లేవు, కప్పు లేదు, సీటు కూడా లేదు. సీటు జాగాలో ఒక చెక్క పెట్టె. దాని మీద మొహానికి తువ్వాలు చుట్టుకుని, కళ్ళకి గాగుల్స్ పెట్టుకుని ఒక మనిషి. అలాంటి బండ్లు పదో పదకొండో వరసగా రాయ్‌పూర్‌కో నాగ్‌పూర్‌కో తోలుకెళ్ళి అప్పగించి, పక్కచుట్ట చంకన పెట్టుకుని రైల్లో తిరిగొచ్చేవాళ్ళని కాన్వాయ్ డ్రైవర్లంటారు. మా బావది ఆ పని. అందులోనూ ఆయనది ముందు బండి.

ముందు బండి అంటే చిన్న సంగతి కాదు. ఎంత జోరున పోవాలో, ఎక్కడ టీ తాగాలో, ఎక్కడ డీజిలు పోయించాలో అన్నీ ముందు బండివాడే చెప్పాలి. వెనక పది మందీ ఏం అడక్కుండా వెనకాలే వస్తారు. ఎందుకొస్తారంటే, నమ్మకం. ఆ నమ్మకం ఒక్కసారి తప్పినవాడికి బండ్లు పంచే కాన్వాయ్ ముంషీ మళ్ళీ ముందు బండి ఇవ్వడు. మా బావకి ఆ జాగా పన్నెండేళ్ళ కష్టం. ఇంట్లో సింహాసనం మా అప్పది కాబట్టి, ఆయనకున్నది ఆ చెక్క పెట్టె ఒక్కటే.

ఇక నేను. అదే కంపెనీలో, లోపల లైను మీద, డాష్‌బోర్డులో మీటర్లు బిగించే పని. స్పీడుదొకటి, డీజిలుదొకటి, ఇంజిను వేడికొకటి, ఆయిలుకొకటి, బ్యాటరీకొకటి. బయటినుంచి అట్టపెట్టెల్లో వస్తాయి. బిగించాలి, వెనక వైర్లు తగిలించాలి, ముందుకు తోసెయ్యాలి. నేను పాట పాడుకుంటూ బిగించేవాణ్ణి. నేను బిగించిన మీటర్లు దేశమంతా తిరిగాయి గానీ, నేను మటుకు ఊరి చివర మాంగో బ్రిడ్జి దాటింది తక్కువ.

కాబట్టి మా ఇంట్లో గొడవ ఇదీ: నేను బిగిస్తాను, ఆయన నమ్మడు.

బావ కొత్త బండెక్కగానే చూపుడు వేలు మడిచి, కణుపుతో ప్రతి మీటరు అద్దం మీదా రెండుసార్లు తట్టేవాడు. టక్, టక్. మొదటిది లేపడానికి, రెండోది అడగడానికి అనేవాడు. "ముల్లు అబద్ధమాడదురా, బద్ధకిస్తాది. కొత్త ముల్లైతే మరీని. అట్టపెట్టిలో పడుకున్న నిద్ర ఇంకా తీరదు దానికి." నాకు ఒళ్ళు మండేదెప్పుడంటే, ఆయన తట్టగానే కొన్ని ముళ్ళు నిజంగానే ఉలిక్కిపడి, ఓ గింజంత కదిలి, సరైన చోటికొచ్చి నిలబడేవి. నా ఎదురుగానే, నా పరువు తీస్తూ.

డీజిలు మీటరునైతే తట్టినా నమ్మేవాడు కాదు. దానికి వేరే ఒక వెదురు బద్ద ఉండేది. మూరెడు పొడుగు. ఆయనే చెక్కుకున్నాడు. దాని మీద కత్తితో గాట్లు పెట్టి, ఒక్కోదానికి ఒక్కో ఊరి పేరు పెట్టాడు. కింద గాటు చాండిల్. ఆ పైది రాంచీ. ఆ పైది హజారీబాగ్. ట్యాంకులో ముంచి తీస్తే, ఏ గాటు దాకా తడిస్తే ఆ ఊరి దాకా డీజిలు ఉన్నట్టు. యార్డులో అన్ని బండ్లకీ ఒకే కొలత పోస్తారు కాబట్టి, ముందు బండి ట్యాంకు చూస్తే పదకొండూ చూసినట్టే. మిగతా డ్రైవర్లు తమ ఎదురుగా ఉన్న మీటరు వంక కూడా చూసేవాళ్ళు కాదు. "కర్ర ఏటంటంది బావా?" అనేవాళ్ళు. ఆయన "రాంచీ అంటంది" అంటే, రాంచీయే.

ఓసారి సీతారాండేరాలో మా వాళ్ళింట బారసాల. విస్తళ్ళ ముందు అందరూ కూర్చున్నారు. ఎవరో నన్ను చూపించి, "ఈడు లారీలకి మీటర్లు బిగిస్తాడు" అని పొగిడారు. బావ పప్పు కలుపుకుంటూ, తలెత్తకుండా, "ఔను. మా బావమరిది బిగించిన మీటరు చూసి బండి తోలితే, రాయ్‌పూర్ ఎల్లాల్సినోడు యముడి గుమ్మం ముందు ఆపుకుంటాడు" అన్నాడు. పంక్తి పంక్తంతా పగలబడింది. ఆ నవ్వుల్లో మా ఆవిడ నవ్వు అన్నిటికన్నా పైకి వినిపించింది. అదీ నన్ను కాల్చింది.

అప్పుడు నా బుర్రలో పురుగు తొలిచింది. నా మీటర్లు నిజం చెప్పి, ఆయన కర్ర అబద్ధం చెబితే ఎలా ఉంటుంది?

మర్నాడు బావ స్నానానికెళ్ళినప్పుడు, గోడకి జారేసి ఉన్న కర్ర తీసుకుని, కింద కొసన రెండు వేళ్ళ మందం రంపంతో కోసేశాను. కోసిన చోటు రాతికేసి రుద్ది, పాత ఆయిలు పూశాను. కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. కింద కొస పోతే ఏమవుతుంది? కర్ర రెండు వేళ్ళు కిందకి దిగుతుంది, రెండు వేళ్ళు ఎక్కువ తడుస్తుంది, లేని డీజిలు ఉన్నట్టు చెబుతుంది. కోసిన ముక్క మా పొయ్యిలో వేసి, ఆ మంట మీద టీ కాచుకుని తాగాను. అంత రుచైన టీ మళ్ళీ తాగలేదు.

నా లెక్కేమిటంటే, బావ యార్డులో కర్ర ముంచుతాడు, చాలినంత ఉందనుకుంటాడు, ఇంకో డబ్బా పోయమని అడగడు, బండి సరిగ్గా మాంగో బ్రిడ్జి మీద చతికిలబడుతుంది. అక్కడ నేను బంతిపూల దండ పట్టుకుని నిలబడి ఉంటాను. ఊరంతా చూస్తుండగా ఆయన మెడలో వేసి, "బావా, ముల్లేటంటంది?" అని అడుగుతాను. ఆ మాట రాత్రంతా బట్టీ పట్టాను.

కాన్వాయ్ బయల్దేరే రోజు సెలవు పెట్టి, దండ కొని, బ్రిడ్జి మొదట్లో పాన్ దుకాణం దగ్గర నిలబడ్డాను. కాన్వాయ్ వచ్చింది. ముందు బావ. నన్ను చూసి, దండ చూసి, ఏ పెళ్ళికో పోతున్నాననుకుని చెయ్యూపాడు. బ్రిడ్జి ఎక్కాడు. బ్రిడ్జి దిగాడు. ఆయన వెనక రెండు, మూడు, నాలుగు, అన్నీ ఎక్కి దిగి పోయాయి. ఒక్కటీ దగ్గలేదు.

నేను నోరు తెరుచుకుని నిలబడితే పాన్ దుకాణం అతను ఏమైందని అడిగాడు. ఆపుకోలేక చెప్పేశాను. అతను సున్నం రాస్తూ ఆలోచించి, "మీ బావ కర్ర ఏ ఊరు చెప్పిందిట?" అన్నాడు. రాంచీ అయ్యుంటుంది, అందుకే డబ్బా అడగలేదు అన్నాను. "రాంచీకి రెండు వేళ్ళు తక్కువంటే మాంగో ఎలాగవుద్ది భయ్యా? తైమారా ఘాటీ అవుద్ది" అన్నాడు, హిందీలో, చాలా మామూలుగా.

నేను బ్రిడ్జి అవతలి రాంచీ రోడ్డు వంక చూశాను.

తైమారా ఘాటీ మీలో కొందరికి తెలుసు. రాంచీకి ముందు కొండెక్కే రోడ్డు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మలుపు మీద మలుపు. అలాంటి ఎత్తు మీద ఇంజిను ఆగితే బండి వెనక్కి జారుతుంది. వెనకాల ఇంకో బండి, దాని వెనక ఇంకోటి, అన్నిట్లోనూ అదే కొలత డీజిలు. క్యాబిన్ లేని బండిలో మనిషికి అడ్డం ఏముంటుంది? ఒక చెక్క పెట్టె. నేను బావ పరువు తీద్దామనుకున్నాను గానీ, మా అప్ప పసుపు కుంకాల జోలికి పోదామనుకోలేదు.

ఆఖరి బండి ఇంకా బ్రిడ్జి చివర ఉంది, దాని మీద ముంషీ కూర్చున్నాడు. పరిగెత్తాను. "ముంషీజీ, ఆపండి, డీజిలు లేదు!" అని అరిచాను. ఆయన నా చేతిలో దండ చూసి, "చల్ హట్! ఫిర్ మజాక్?" అని చెయ్యి విదిలించి, బండి పోనిమ్మన్నాడు. ఆయన్నీ తప్పుపట్టను. అంతకు ముందు వారమే ఆయన కుర్చీలో తడి సున్నం పూసింది నేను.

దొరికిన రాంచీ బస్సెక్కాను. దండ పారెయ్యడం కూడా తట్టలేదు, చేతిలోనే ఉంది. పక్కనున్న ముసలాయన "ఎవరికి బాబూ స్వాగతం?" అని అడిగాడు. "మా అప్ప మొగుడికి" అన్నాను. "ఏమయ్యాడేం?" అన్నాడు. "ఇంకా ఏమీ అవలేదు, దేవుడి దయ వల్ల" అన్నాను. ఆయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

కాన్వాయ్ ఎప్పుడూ చాండిల్ దాటాక ఒక టీ హోటలు దగ్గర ఆగుతుంది. దాని పక్కనే డీజిలు బంకు. అక్కడ బావ మళ్ళీ కర్ర ముంచి, పోయించాలా, తిన్నగా రాంచీ పోవాలా అని తేలుస్తాడు. పోయించాలంటే పదకొండు బండ్లు వరసలో నిలబడి రెండు గంటలు పోతాయి. వానాకాలం, చీకటి పడకుండా ఘాటీ దాటాలి. అందుకని ఎవరికీ అక్కడ ఆగాలని ఉండదు.

నేను బస్సు దిగేటప్పటికి టీలయిపోయాయి. బావ ట్యాంకు మూత పెడుతున్నాడు. రెండో బండి డ్రైవరు, విజీనారం వైపువాడు, "బావా, నా మీటరు బాగా కిందకొచ్చేసినాది" అంటున్నాడు.

"నాదీ అంతే. పదకొండు ముళ్ళూ ఒకే పెట్టిలోంచి వచ్చినాయి, ఒకే నిద్ర పోతన్నాయి. కర్ర సరిపోద్దంటంది. ఎక్కండి, ఎల్దాం" అన్నాడు బావ.

"ఎల్లకు బావా!" అని అరిచాను.

అందరూ తిరిగి చూశారు. రొప్పుతూ, జుట్టంతా దుమ్ము, చేతిలో వాడిన దండ. బావ వెనకున్న పది మందీ ఒకేసారి నవ్వారు. "వచ్చీసాడు నాటకం కంపెనీ" అన్నారెవరో.

"నాటకం కాదు బావా. కర్ర నాను కోసీసాను. కింద రెండు ఏళ్ళ మందం. ముల్లు సెప్పిందే నిజం. ఘాటీలో ఆగిపోతారు."

ఇంకా గట్టిగా నవ్వారు. విజీనారం అతను, "ఆడి మీటర్లు గెలవాలని ఆడి తాపత్రయం" అన్నాడు. ముంషీ టైము చూసుకుంటూ, ఈ పిచ్చోణ్ణి పక్కకి తప్పించమన్నాడు. కోసిన ముక్క చూపిద్దామంటే అది పొయ్యిలో బూడిదైపోయింది. కర్ర కొస చూపించాను. అది పాత కర్ర కొసలాగే ఉంది, అంత బాగా రుద్దాను మరి. నా జన్మలో నా పనితనాన్ని నేను తిట్టుకున్నది ఆ ఒక్కసారే.

బావ నవ్వలేదు. నా దగ్గరకొచ్చాడు. చూపుడు వేలు మడిచి, కణుపుతో నా నుదుటి మీద తట్టాడు. టక్, టక్. అద్దం మీద ఎలా తట్టేవాడో అలాగే. తట్టి, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపు చూశాడో. ఆ కాసేపట్లో ఆయన ముందు రెండు దారులు. నన్ను నమ్మి ఆగితే, పది మంది ముందూ తన కర్ర తప్పని ఒప్పుకోవాలి, పన్నెండేళ్ళ పేరు పోతుంది. నేను ఆడుతున్నది నాటకమే అయితే ఇక ఎప్పటికీ తలెత్తుకోలేడు. నమ్మకపోతే, ఘాటీ.

"ఈడు అబద్ధమాడినప్పుడు లోపల నవ్వు ఆపుకుంటాడు. దవడ కదుల్తాది. ఇయాల ఆపుకోడానికి ఈడి దగ్గిర నవ్వు లేదు" అన్నాడు ఎవరితోనో చెబుతున్నట్టు. తరవాత బండి దగ్గరికెళ్ళి, డీజిలు మీటరు అద్దం రెండుసార్లు తట్టాడు. ముల్లు కదల్లేదు. కింద గీత పక్కనే గట్టిగా నిలబడింది.

"ఇద్దర్నీ తట్టినాను. ఇద్దరూ ఒకటే సెప్తన్నారు" అన్నాడు. "కర్ర అరిగిపోనాది. తప్పు నాది, కొస సూసుకోలేదు. బంకులోకి తిప్పండి."

అరిగిపోయిందన్నాడు. కోశారనలేదు. నేను చెప్పింది అందరూ విన్నారు, ఎవరూ నమ్మలేదు. ఆయన నమ్మి కూడా నన్ను పట్టివ్వలేదు. ముంషీ మొహం చిట్లించాడు. బావ తనే వెళ్ళి, "ఇంకో మూడు ట్రిప్పులు నన్ను ఆఖర్న పెట్టండి ముంషీజీ. ముందు నడిచేవాడు తన కర్ర కొస చూసుకోకపోతే వెనకే నడవాలి" అని హిందీలో చెప్పి వచ్చాడు. ముంషీ ఆ మూడు ట్రిప్పులూ ఆఖర్నే పెట్టాడు. నాలుగోదానికి విజీనారం అతనే వెళ్ళి, "మా బావ లేకపోతే ఎక్కడ టీ తాగాలో తేలక చస్తన్నాం" అని గొడవ చేసి మళ్ళీ ముందుకి తెచ్చాడు. అది తరవాత సంగతి.

ఆ రోజు డీజిలు పోయించాక, బావ నా చేతిలో దండ తీసుకుని నా మెడలోనే వేశాడు. "ఎక్కరా" అన్నాడు.

"ఎక్కడికి బావా?"

"నీ మీటర్లు ఎలా పనిసేత్తన్నాయో సూద్దువు గాని."

ఆయన పక్కన ఇంకో చెక్క పెట్టె లేదు. ఇంజిను పక్క రేకు మీద పక్కచుట్ట పరిచి, తాడుతో నన్ను కట్టి కూర్చోబెట్టాడు. మెడలో దండ, నోట్లో దుమ్ము, కింద ఇంజిను వేడి. దార్లో పల్లెల్లో జనం నేనేదో ఎన్నికల్లో గెలిచాననుకుని దణ్ణాలు పెట్టారు. ఓ చోట నేనూ తిరిగి పెట్టాను. బావ తువ్వాలు లోంచి నవ్వడం భుజాల్లో కనిపించింది.

ఘాటీ మొదలయ్యాక ఆ నవ్వులేవీ లేవు. వాన మొదలైంది. మలుపు మలుపుకీ బావ కళ్ళు ఒకసారి రోడ్డు మీదికి, ఒకసారి వేడి చూపించే ముల్లు మీదికి, మళ్ళీ రోడ్డు మీదికి. ముల్లు పైకి పాకుతోంది. ఓ చోట వేలితో రెండుసార్లు తట్టి, చూసి, గేరు మార్చాడు. వానకి వణుకుతూ, కళ్ళు చికిలించుకుని, ఒక మనిషి ఆ ఎర్ర ముల్లుని దేవుడి దీపంలా చూడ్డం నేను మొదటిసారి చూశాను. ఆ మీటరు బిగించిన రోజు నేనేం పాట పాడుతున్నానో కూడా గుర్తులేదు. వైరు గట్టిగా తగిలించానో లేదో అసలే గుర్తులేదు. ఘాటీ దాటేదాకా ఆ వైరు గురించే మొక్కుకున్నాను.

రాంచీలో దించి, బస్సెక్కించేటప్పుడు బావ ఒక్క మాటే అన్నాడు. "మీటరు మంచిదేరా. ఏటొచ్చీ, దాన్ని నమ్మేవాడొకడు అటేపు కూసున్నాడని ఇటేపోడికి తెలవాల."

ఇంటికొచ్చాక అప్ప నన్ను చూసి, "దండేంట్రా?" అంది. "మీ ఆయనే వేశాడు" అన్నాను. "నీ మెడలో ఏసే బదులు దండ నీ ఫోటోకి ఏసినా బాగుణ్ణు" అని లోపలికెళ్ళి అన్నం పెట్టింది. బావ ఆవిడకి ఏం చెప్పాడో, ఎప్పుడు చెప్పాడో నాకు ఈనాటికీ తెలీదు. కానీ ఆ ఇంట్లో ఆ తరవాత రంపం నాకు కనపడేలా పెట్టలేదు.

ఆ కర్ర ఆయన పారెయ్యలేదు. గాట్లు చెరిపి, రెండు వేళ్ళు పైకి జరిపి మళ్ళీ పెట్టుకున్నాడు. కర్రా చూసేవాడు, ముల్లూ చూసేవాడు. రెండూ కలిస్తే పోయేవాడు, కలవకపోతే ఆగేవాడు. నేను లైను మీద మీటరు బిగించాక అద్దం మీద రెండుసార్లు తట్టకుండా ముందుకి తొయ్యడం మానేశాను. బద్ధకించిన ముల్లు కనిపిస్తే విప్పి పక్కన పెట్టేవాణ్ణి. సూపర్‌వైజరు మొదట్లో "క్యా పూజా కర్ రహే హో?" అని వెక్కిరించాడు. తరవాత్తరవాత ఆయనే వచ్చి, "ఇది తట్టావా?" అని అడిగేవాడు.

బావకి ఆ తట్టే అలవాటు అన్నిటికీ పాకింది. గోడ గడియారం తట్టేవాడు. రేడియోలో వార్తలు నచ్చకపోతే రేడియో తట్టేవాడు. కుండలో పెరుగు తోడుకుందా లేదా అని కుండ తట్టి, అప్ప చేత తిట్లు తినేవాడు. నేనేదైనా కబురు తెస్తే వినకముందే నా నుదురు తట్టేవాడు. నేను నవ్వు ఆపుకుంటే, "పడుకో ఎల్లి" అనేవాడు. ఆపుకోకపోతే, "సెప్పు" అనేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన లెక్క తప్పలేదు. మా ఆవిడ ఆ విద్య తనకి నేర్పమని చాలాసార్లు అడిగింది. "నీకెందుకమ్మా, నువ్వు తట్టక్కర్లేదు, కొట్టొచ్చు" అన్నాడు.

రిటైరయ్యాక, మొన్న ఎండాకాలంలో కళ్ళు తిరుగుతున్నాయంటే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, ముల్లున్న ఆ గుండ్రటి మీటరు చూసి, "చాలా ఎక్కువుంది" అన్నాడు. బావ వంగి, ఆ అద్దం మీద రెండుసార్లు తట్టాడు. "ఇప్పుడు సూడండి బాబూ." డాక్టరుకి నవ్వాలో తిట్టాలో తెలీలేదు. మళ్ళీ గాలి కొట్టి చూశాడు. అంతే ఉంది. బావ చొక్కా చెయ్యి దించుకుంటూ, "ఐతే నిజమే" అన్నాడు. బయటికొచ్చాక నా వంక చూసి, "అప్పకి సెప్పకురా. సెప్పినా నమ్మదులే, నువ్వు కదా" అని నవ్వాడు. నేను చెప్పలేదు. అదొక్కటీ చెప్పాల్సిందేమో అని ఈ వారం రోజులుగా అనిపిస్తోంది.

గురువారం నేను ఇళ్ళన్నీ తిరిగి వచ్చేటప్పటికి బావని వసారాలో పడుకోబెట్టారు. మొహం ప్రశాంతంగా, డ్యూటీ దిగి పడుకున్నట్టుంది. పక్కన కూర్చున్నాను. నాకేమనిపించిందో, వేలు మడిచి ఆయన నుదుటి మీద రెండుసార్లు తట్టాను. చుట్టూ ఉన్నవాళ్ళు, "ఈడికి ఇప్పుడు కూడా ఏషాలేనేటి" అన్నట్టు చూశారు. అప్ప మటుకు, ఏడుస్తున్నదల్లా ఆగి, ఆయన మొహం వంక చూసింది, నాలాగే. ఇద్దరం కాసేపు చూశాం. తరవాత ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

మధ్యాహ్నం సువర్ణరేఖ ఒడ్డుకి తీసుకెళ్తుంటే, పెద్ద రోడ్డు కూడలి దగ్గర ఆగాల్సి వచ్చింది. కాన్వాయ్ పోతోంది. కొత్త బండ్లు, క్యాబిన్లు లేవు, తువ్వాళ్ళు చుట్టుకున్న మనుషులు. ముందు బండి మీద విజీనారం అతను. బావ దిగిపోయాక ఆ పెట్టె అతనికే వచ్చింది. తెల్లారకముందే యార్డుకి వచ్చినవాళ్ళు, కబురు తెలీదు. మమ్మల్ని చూసి బండి ఆపాడు. మోస్తున్నవాళ్ళలో నన్ను పోల్చుకుని, తువ్వాలు కిందకి లాగి, "ఎవులు?" అన్నాడు.

"బావ" అన్నాను.

అతని పెదాల మీద నవ్వు మొదలవ్వబోయింది. నేను కదా చెప్పింది. అంతలో నా మొహం చూశాడు. నా దవడ వంకే చూశాడు. బావ నేర్పిన చూపే అది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

గాగుల్స్ నుదుటి మీదికి ఎత్తాడు. వంగి, డీజిలు మీటరు అద్దం మీద వేలి కణుపుతో తట్టాడు. టక్, టక్. ఇంజిను రొదలో చప్పుడు నాకు వినపడలేదు, వేలు కదలడమే కనిపించింది. ముల్లు చూశాడు, గేరేశాడు. అతని వెనక రెండో బండివాడు వంగాడు, తట్టాడు. మూడోవాడు వంగాడు. వాళ్ళకి ఇంకా ఏం తెలీదు, ముందువాడు చేసింది చేస్తున్నారంతే. ఒకరి వెనక ఒకరు, తలలు వంచుతూ, అద్దాలు తడుతూ, మాంగో బ్రిడ్జి వైపు పోయారు.